హైదరాబాదు సంస్థానపు చివరి ఘట్టం: విశ్వవిద్యాలయాల్లో అధ్యయనం, పాతబస్తీ ఆధారాలు

హైదరాబాదు సంస్థానపు చివరి ఘట్టం అంటే పాఠ్యపుస్తకాల్లో 1938 నుంచి 1948 వరకు గడిచిన పదేళ్లు. స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంతో మొదలై, భారత సైన్యం రాకతో ముగిసే కథ. పుస్తకాలకు ఈ హద్దు సౌకర్యంగానే ఉంటుంది కానీ, బతికినవాళ్ల అనుభవం దీనికి లొంగదు. తెలంగాణ పల్లెల్లో తుపాకుల మోత 1951 అక్టోబరు దాకా ఆగలేదు. పాతబస్తీలో జాగీర్ల రద్దు, కొలువుల కోత, ముల్కీ (స్థానికుల ఉద్యోగ హక్కు) గొడవ 1952 దాకా నడిచాయి. సంస్థానం పటం మీద నుంచి చెరిగిపోయింది 1956 నవంబరు 1న. అందుకే ఈ వ్యాసం 1938–1956 మధ్య కాలాన్ని ఒకే యుగంగా పరిగణించి, విశ్వవిద్యాలయాలు దాన్ని ఎలా చదివాయో, ఏ భాగాన్ని చదవకుండా పక్కన పెట్టాయో చెబుతుంది.

ఈ కాలం మీద పుస్తకాలకు కరువు లేదు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు ఆధారాలను పక్కపక్కన పెట్టుకుని చదవగలిగినవారికే కరువు. ఈ ఒక్క లోటు వల్ల, జరిగినదాంట్లో ఎవరి వాటా వాళ్లు చదువుకునే అలవాటు స్థిరపడింది.

ఘటనల క్రమం

సంస్థానం విస్తీర్ణం దాదాపు 82 వేల చదరపు మైళ్లు, 1941 జనాభా లెక్కల ప్రకారం జనం 1 కోటి 63 లక్షలు. 16 జిల్లాల్లో 8 తెలుగువి, 5 మరాఠీవి, 3 కన్నడవి. జనంలో సుమారు సగం మంది తెలుగువాళ్లు. ముస్లింలు ఎనిమిదో వంతు మాత్రమే అయినా పాలనా భాష ఉర్దూ. భూమిలో పెద్ద భాగం జాగీర్దార్ల కిందా, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ కిందా ఉండేది. నేరుగా ప్రభుత్వం కింద ఉన్న దివానీ ప్రాంతంలో కూడా దేశ్‌ముఖులు వేల ఎకరాలు పోగేసుకుని వెట్టి చేయించుకున్నారు.

1938లో స్టేట్ కాంగ్రెస్‌ను అది పుట్టకముందే నిషేధించారు. 1944 భువనగిరి సభతో ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. సాయుధ పోరాటానికి నాంది అదే. 1947 జూన్‌లో నిజాం తాను ఏ దేశంలోనూ చేరనని ఫర్మానా ఇచ్చాడు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఖాసిం రజ్వీ నాయకత్వంలో, నిజాం పక్షపు మజ్లిస్ పార్టీ సాయుధ దళమైన రజాకార్ల దాడులు పెరిగాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడి ఊరివాళ్లను చంపారు. అంతకు ఆరు రోజుల ముందే, ఆగస్టు 21న, హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదు పంపిన సమయంలోనే 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నగర వీధిలో నరికి చంపారు. జిన్నా మరణించింది సెప్టెంబరు 11న. రెండు రోజుల తర్వాత భారత సైన్యం కదిలింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయాడు.

ఆ తర్వాత సైనిక పాలన, 1950 నుంచి ఎం.కె. వెల్లోడి ప్రభుత్వం, నిజాంకు రాజప్రముఖ్ హోదా, 1952లో ఎన్నికలు, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం. పాఠాల్లో ఇవన్నీ ఒక పేరాలో తేలిపోతాయి. పాతబస్తీ కుటుంబాల కథ మొదలయ్యేది మాత్రం సరిగ్గా ఈ పేరా దగ్గరే.

చదువుకున్న చోటే సంఘటన

ఈ యుగాన్ని చదివే విశ్వవిద్యాలయం ఈ యుగంలో పాత్రధారి కూడా. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. వలస పాలన నడుస్తున్న దేశంలో ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం చెప్పడం మామూలు సాహసం కాదు. దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ దానికోసం వందల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది. అమెరికాలో పనిచేసిన చరిత్రకారిణి కవితా దాట్ల 2013లో వచ్చిన తన పుస్తకంలో ఈ ప్రయత్నాన్ని మత రాజకీయంగా కొట్టిపారేయకుండా, జాతీయ విద్యకు ఒక నమూనాగా చూడమని వాదించింది. ఆ వాదనలో బలం ఉంది. అయితే జనంలో సగం మంది మాట్లాడే తెలుగుకు ఆ నమూనాలో దక్కిన చోటు ఎంత అన్న ప్రశ్నకు జవాబు కూడా అదే సంస్థ చరిత్రలో ఉంది. రెండూ నిజాలే. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచే పాఠం నమ్మదగినది కాదు.

1938 చివర్లో ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. అధికారులు నిషేధించారు, విద్యార్థులు వినలేదు, వందలాదిమందిని బయటికి పంపారు. నాగపూరు విశ్వవిద్యాలయం వాళ్లకు తలుపులు తెరిచింది. అలా వెళ్లినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆర్ట్స్ కళాశాల భవనాన్ని నిజాం ప్రారంభించింది ఆ మరుసటి ఏడు, 1939 డిసెంబరు 4న. ఇవాళ ఆ భవనంలో ఈ వందేమాతరం ఉద్యమం గురించి పాఠం వినే విద్యార్థికి, ఆ బహిష్కరణ తర్వాతే ఆ మెట్లు జనానికి తెరుచుకున్నాయని చెప్పేవాళ్లు తక్కువ.

పాతబస్తీకి సంబంధించినంతవరకు అసలు స్థలం సిటీ కాలేజీ. నయాపూల్ దగ్గర, మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కనే ఉన్న ఆ ఎర్రటి భవనం 1921 నాటిది. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ అధ్యాపకుడిగా పనిచేసి 1941లో రాజీనామా ఇచ్చి పూర్తికాల రాజకీయాల్లోకి వెళ్లాడు. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డితో పాటు మఖ్దూం ఉన్నాడు. అంటే పల్లెల్లో దొరల మీద సాగిన పోరుకు పాతబస్తీలోని ఒక తరగతి గదితో చుట్టరికం ఉంది. మఖ్దూం, రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మీరీ వంటి వాళ్లు కలిసిన కామ్రేడ్స్ అసోసియేషన్ అనే చిన్న గుంపు ఉర్దూలో మాట్లాడుకుంటూ మార్క్స్‌ను చదివింది. పాతబస్తీని మజ్లిస్‌తోనూ రజాకార్లతోనూ మాత్రమే ముడిపెట్టే అలవాటుకు ఈ ఒక్క వాస్తవమే చాలినంత అడ్డు.

సిటీ కాలేజీ పేరు మళ్లీ వినిపించింది 1952లో. బయటి ప్రాంతాల నుంచి వచ్చినవారికి ఉద్యోగాలు ఇస్తున్నారని, ముల్కీ నిబంధనలు అమలు చేయాలని వరంగల్లులో మొదలైన విద్యార్థి ఆందోళన హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. విచారణ బాధ్యత జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డికి అప్పగించారు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మీద రాసే ప్రతి సిద్ధాంత వ్యాసం ఈ కాల్పులను మొదటి అధ్యాయంలో ఒక వాక్యంతో పలకరించి ముందుకు పోతుంది. సైనిక పాలన పోయి, ఎన్నికైన ప్రభుత్వం వచ్చి ఆరు నెలలకే విద్యార్థుల మీద తూటా పేలడం ఆ యుగం లోపలి సంగతి. దాన్ని 1969కి ముందుమాటగా మాత్రమే చదవడం సరికాదు.

తొలి రచయితలు: మంత్రులు, సైనికులు, నాయకులు

చరిత్ర శాఖలు రంగంలోకి దిగకముందే ఈ కథను అందులో పాల్గొన్నవాళ్లు రాసేశారు. కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి వి.పి. మీనన్ 1956లో సంస్థానాల విలీనం మీద పుస్తకం వెలువరించాడు. హైదరాబాదులో ఏజెంట్ జనరల్‌గా పనిచేసిన కె.ఎం. మున్షీ 1957లో తన జ్ఞాపకాలు ప్రచురించాడు. నిజాం చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ పాకిస్తాను చేరుకుని 1962లో తన వాదన రాశాడు. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ జ్ఞాపకాలు 1967లో వచ్చాయి. ఉస్మానాబాదు కలెక్టరుగా పనిచేసిన మహమ్మద్ హైదర్ రాతప్రతి అచ్చయింది 2012లో. వీటిని వరుసగా చదివితే ఒకే రోజు మీద నాలుగు రకాల సాక్ష్యాలు దొరుకుతాయి. ఉదాహరణకు 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున యథాతథ ఒప్పందానికి ఢిల్లీ బయలుదేరాల్సిన ప్రతినిధుల ఇళ్లను గుంపులు ముట్టడించిన ఘటన. దాని వెనుక ఎవరున్నారు, నిజాంకు ముందే తెలుసా అన్నవి చరిత్ర పద్ధతి నేర్పడానికి ఇంతకంటే మంచి అభ్యాసం దొరకని ప్రశ్నలు.

ప్రభుత్వం వేసిన సంఘం హైదరాబాదు స్వాతంత్ర్య పోరాట చరిత్రను 1956 నుంచి 1966 వరకు నాలుగు సంపుటాలుగా తెచ్చింది. చివరి సంపుటం 1921–1947 కాలానిది. సేకరణగా విలువైనదే గానీ, సరిగ్గా 1948 గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఉస్మానియా చరిత్ర ఆచార్యురాలు సరోజినీ రేగాని నిజాం–బ్రిటిష్ సంబంధాల మీద చేసిన పరిశోధన ఇప్పటికీ ప్రామాణికం. ఆమె ఎంచుకున్నది 1724–1857. అంతకు ముందు తరంలో హారూన్ ఖాన్ షేర్వానీ బహమనీలనూ కుతుబ్‌షాహీలనూ చదివాడు. కళ్లముందు జరిగిన దాని మీద రాయడానికి ఉద్యోగంలో ఉన్న చరిత్రకారులు వెనకాడారు. అలా వెనకాడటాన్ని తప్పుపట్టడం సులువే. సాక్షులు, నిందితులు, మంత్రులు అందరూ అదే నగరంలో బతికి ఉన్న రోజులవి.

రైతాంగ పోరాటం మీద పరిశోధన

ఈ యుగంలో అన్నిటికంటే ఎక్కువగా చదివినది తెలంగాణ సాయుధ పోరాటాన్నే. అందుకు కారణం విశ్వవిద్యాలయాల లోపలికంటే బయటే ఎక్కువగా ఉంది. 1967లో నక్సల్బరీ తిరుగుబాటు తర్వాత కమ్యూనిస్టు పార్టీలన్నిటికీ తెలంగాణ తమ వారసత్వమని నిరూపించుకోవలసిన అవసరం వచ్చింది. పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకం 1972లో, రావి నారాయణరెడ్డి పుస్తకం ఆ మరుసటి ఏడు వచ్చాయి. దేవులపల్లి వెంకటేశ్వరరావు తన పంథాలో రాశాడు. 3,000 గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపిణీ, 4,000 మంది మృతులు అన్న అంకెలు ఈ పార్టీ రచనల నుంచే పాఠ్యపుస్తకాల్లోకి వచ్చాయి. అంకెలు చెప్పినప్పుడు అవి ఎవరి లెక్కలో చెప్పడం అధ్యాపకుల బాధ్యత.

పోరాటాన్ని 1951 అక్టోబరు 21న విరమించడం సరైనదా, 1948 సెప్టెంబరులోనే ఆపాల్సిందా అన్న తగువు ఆ పుస్తకాలన్నిటికీ వెన్నెముక. దాన్నుంచి కొంత పక్కకు జరిగి చూసినది బయటి పరిశోధకులు. అమెరికన్ రాజనీతి శాస్త్రజ్ఞురాలు కరోలిన్ ఇలియట్ 1974లో తిరుగుబాటును నిజాం పాలన లోపలి శిథిలతతో కలిపి వివరించింది. బారీ పేవియర్ 1981లో రైతుల్లోని వర్గ భేదాల మీద దృష్టి పెట్టాడు. డి.ఎన్. ధనాగరే ధనిక రైతులు, పేదలు, కూలీలు ఎలా కలిశారో, ఎప్పుడు విడిపోయారో పరిశీలించాడు. ఇనుకొండ తిరుమలి 2003 నాటి పుస్తకంలో ఊరి నిర్మాణం లోపలికి వెళ్లాడు: దొర ఎవరు, ఆయన అధికారం ఎన్ని దారుల్లో పనిచేసేది, వెట్టి చేసే కులాలకు ఈ పోరాటం ఏ అర్థంలో తమది. పార్టీ చరిత్రల్లో నాయకుడి చుట్టూ తిరిగే కథ తిరుమలి చేతిలో పల్లెకు తిరిగి వచ్చింది. ఈ వరుసలో ఒక్కటే చదివే వ్యవధి ఉన్న విద్యార్థికి ఆ పుస్తకమే ఇవ్వాలి.

పద్ధతి పరంగా పెద్ద మలుపు మాత్రం 1986లో వచ్చింది. హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ల మాటలను రికార్డు చేసి 'మనకు తెలియని మన చరిత్ర'గా ప్రచురించింది. కె. లలిత, వసంత్ కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న ఆ పని చేసినవారు. 1989లో ఇంగ్లీషు రూపం వచ్చాక ప్రపంచంలో మౌఖిక చరిత్ర బోధించే చోట్లకు ఈ పుస్తకం చేరింది. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ మాట్లాడిన పుస్తకం ఇది. దళంలో తుపాకీ పట్టినవాళ్లే పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మంటే ఎంత కుంగిపోయారో, పసిబిడ్డల విషయంలో పార్టీ తీసుకున్న నిర్ణయాలు ఎంత బాధ మిగిల్చాయో అందులో ఉంది. అదే సంపుటిలో జమాలున్నీసా బాజీ వంటి హైదరాబాదీ ముస్లిం స్త్రీల కథనాలూ ఉన్నాయి. పల్లె దళాల గురించి చదవడానికి తెరిచిన పుస్తకంలో నగరపు పర్దాల వెనుక ఉర్దూ అభ్యుదయవాదం ఎలా బతికిందో కూడా తెలుస్తుంది. పాఠకులు ఈ భాగాన్ని తరచూ దాటేస్తారు.

దేశ విభజనపై మౌఖిక చరిత్రల వెల్లువ ఉత్తర భారతంలో వచ్చింది 1990లలో. తెలుగు నేల మీద అలాంటి పని దాదాపు పదేళ్లు ముందే జరిగింది, విశ్వవిద్యాలయం కాని చోట జరిగింది.

1948 సెప్టెంబరు: చదవని పాఠం

'పోలీస్ యాక్షన్' అని పిలిచిన సైనిక చర్య అయిదు రోజుల్లో ముగిసింది. దాని వెంట, దాని తర్వాత కొన్ని వారాల పాటు, ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను పరిశీలించడానికి నెహ్రూ ఒక బృందాన్ని పంపాడు. పండిత్ సుందర్‌లాల్ నాయకుడు. 'పయాం' పత్రిక స్థాపకుడు కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు. 1948 నవంబరు చివర బయలుదేరి డిసెంబరు దాకా 16 జిల్లాల్లో 9 తిరిగారు. తాము వెళ్లలేకపోయిన 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా మనుషులను విచారించారు. మృతులు 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటారన్నది వాళ్ల అంచనా. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. తెలంగాణ జిల్లాల్లో తీవ్రత తక్కువ. పొరుగువాళ్లను ప్రాణాలొడ్డి కాపాడిన హిందువుల సంగతి కూడా నివేదికలో ఉంది.

ప్రభుత్వం ఆ నివేదికను బయటపెట్టలేదు. మత చరిత్రల పండితుడు విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లోనే ఒక అమెరికన్ పత్రికలో ఈ విషాదం మీద వ్యాసం రాశాడు. ఒమర్ ఖాలిదీ 1988లో సంకలనం తెచ్చాడు. నివేదిక పూర్తి పాఠం ఎ.జి. నూరానీ 2013 పుస్తకానికి అనుబంధంగా అచ్చయింది. టేలర్ షెర్మన్, సునీల్ పురుషోత్తమ్ వంటివారు రాజ్యాంగం, పౌరసత్వం, హింస అన్న ప్రశ్నలతో దీన్ని విస్తరించారు. వీళ్లలో చాలామంది చదివినదీ రాసినదీ విదేశాల్లో.

ఈ అధ్యాయాన్ని తెలుగు పాఠ్యపుస్తకాలు ఎందుకు దాటేశాయి? తెలంగాణలో హింస తక్కువ జరగడం ఒక కారణం. రజాకార్ల దౌర్జన్యం చూసిన తరానికి దాని తర్వాతి ప్రతీకారం గురించి వినే ఓపిక లేకపోవడం రెండోది. అన్నిటికంటే గట్టి కారణం 1956: దెబ్బతిన్న జిల్లాలు బొంబాయికీ మైసూరుకూ వెళ్లిపోయాయి, హైదరాబాదు నగరం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఆ రాష్ట్రాల్లో, తప్పించుకుని వచ్చినవాళ్లు ఇంకో రాష్ట్రంలో ఉండిపోయారు. ఔరంగాబాదులో మరాఠ్వాడా విముక్తి పోరాటం, గుల్బర్గాలో హైదరాబాదు–కర్ణాటక ఏకీకరణ, హైదరాబాదులో తెలంగాణ సాయుధ పోరాటం చదువుతారు. ఒకే సంస్థానపు ఒకే పతనం మూడు పాఠాలయింది.

రజాకార్ల హింస, తర్వాతి హింస రెంటినీ ఒకే గదిలో చెప్పడం అధ్యాపకులకు కష్టమే. ఒకదాన్ని రెండోదానికి సమర్థనగా వాడుకునేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. అయినా బైరాన్‌పల్లినీ సుందర్‌లాల్ నివేదికనూ ఒకే వారంలో చదివించని పాఠ్యప్రణాళిక ఈ యుగాన్ని చదివించినట్టు కాదు.

పాతబస్తీ

నగరంలో ఆ సెప్టెంబరులో జిల్లాల స్థాయి రక్తపాతం జరగలేదు. పాతబస్తీకి దెబ్బ నెమ్మదిగా, కాగితం మీద వచ్చింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. సంస్థాన సైన్యం రద్దయింది. ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు పాలనా భాష అయింది. ఉస్మానియాలోనూ పోలీస్ యాక్షన్ తర్వాత కొద్దికాలానికే బోధన ఇంగ్లీషుకు మారింది. జాగీరు ఆదాయం మీద బతికిన దేవిడీల్లో (నవాబుల భవంతుల్లో) ఒక యజమాని కింద వంటవాళ్లు, బండివాళ్లు, మున్షీలు, దాయాదులు ఉండేవారు. నవాబు నష్టం పుస్తకాల్లోకి ఎక్కింది. మున్షీ, బండివాడు ఎక్కలేదు.

చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే బార్కస్ ఇందుకు మంచి ఉదాహరణ. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సేనలో కొలువు చేసిన అరబ్బుల వారసులు అక్కడున్నారు. 1948 తర్వాత వాళ్లు ఎవరు, ఈ దేశపు పౌరులా, పరదేశులా అన్న ప్రశ్న ప్రభుత్వానికి పెద్ద తలనొప్పి అయింది. కొందరిని ఓడలెక్కించి పంపారు. షెర్మన్ ఈ వ్యవహారాన్ని ప్రభుత్వ దస్త్రాలతో రాసింది. తరతరాలుగా ఇక్కడే పుట్టినవాళ్లకు పౌరసత్వం ఎలా నిర్ణయించాలన్న చిక్కు రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజుల్లోనే, మన నగరంలోనే ఎదురైందన్నమాట.

కారెన్ లియొనార్డ్ 1978లో పాతబస్తీ కాయస్థుల మీద తెచ్చిన పుస్తకం వేరే దారి చూపింది. ఉర్దూ, ఫారసీ చదువుకుని అసఫ్‌జాహీ (నిజాంల) ప్రభుత్వ లెక్కలు రాసిన ఈ హిందూ కుటుంబాల వంశవృక్షాలు, పెళ్లి సంబంధాలు పట్టుకుని ఆమె కొలువు చరిత్రను బయటికి లాగింది. హిందూ, ముస్లిం అన్న గీత ఒక్కటే గీసి ఆ సమాజాన్ని చూడటం ఎంత తప్పో ఆ పుస్తకం చదివాక మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన రత్నా నాయుడు 1990లో పాతబస్తీ పేదరికం, మత ఘర్షణల మీద పుస్తకం వెలువరించింది. సుధీర్ కకర్ 1990 అల్లర్లను మనోవిశ్లేషణతో చదివాడు. ఆ అల్లర్ల మీద ఉన్నంత సాహిత్యం, వాటికి నలభై ఏళ్ల ముందు కొలువులు పోయిన వీధుల మీద లేదు. ఇంతకూ ఆ వీధుల్లో పెద్దవాళ్లు కాలాన్ని ఇప్పటికీ 'పోలీస్ యాక్షన్‌కు ముందు, తర్వాత' అనే కొలుస్తారు.

దస్త్రాలు, భాషలు

తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారంలో అసఫ్‌జాహీ పాలన దస్త్రాలున్నాయి. మొగలుల నాటి ఫారసీ పత్రాలు కూడా అక్కడివే. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది, పాత పత్రికలకు అదే పెద్ద దిక్కు. మూసీకి ఇవతల దారుల్‌షిఫాలో సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయం ఉంది. సుల్తాన్‌బజారులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలుగు వైపు సాక్ష్యం. పత్రికల విషయానికొస్తే తెలుగులో 'గోల్కొండ', 'మీజాన్'; ఉర్దూలో 'పయాం', 'రహబరె దక్కన్', 1949లో మొదలైన 'సియాసత్' తప్పనిసరి. అడవి బాపిరాజు సంపాదకత్వం వహించిన తెలుగు 'మీజాన్'కు ఉర్దూ, ఇంగ్లీషు తోబుట్టువులుండేవి. ఒకే యాజమాన్యం ఒకే వార్తను మూడు భాషల పాఠకులకు ఎలా చెప్పిందో పోల్చి చూడటం ఒక మంచి పరిశోధనాంశం.

అడ్డంకి తాళం వేసిన గది దగ్గర లేదు, లిపి దగ్గర ఉంది. గుమాస్తాల చేతిరాత షికస్తా అనే గొలుసుకట్టు లిపిలో ఉంటుంది, అచ్చు ఉర్దూ వచ్చినవాళ్లకు కూడా ఓ పట్టాన లొంగదు. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి వచ్చిన విద్యార్థికి ఉర్దూ రాదు. ఉర్దూ వచ్చిన పాతబస్తీ పిల్లలు ఎక్కువమంది కామర్సు, కంప్యూటర్ల వైపు పోతున్నారు. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో షేర్వానీ పేరుతో దక్కన్ అధ్యయన కేంద్రం ఉంది. తార్నాక నుంచి గచ్చిబౌలికి బస్సులో గంటన్నర ప్రయాణం. ఆ దూరం పరిశోధన పత్రాల్లో ఇంకా తగ్గలేదు.

కథలు, నవలలు

చరిత్ర శాఖలు రాయని చోట సాహిత్యం రాసింది. పాతబస్తీ ముస్లిం జీవితాన్ని తెలుగులో చెప్పినవారిలో నెల్లూరి కేశవస్వామి ముందు వరుసలో ఉంటాడు. ఆయన 'యుగాంతం' కథ పోలీస్ యాక్షన్ రోజులది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' పల్లె వైపు చూపు. ఉర్దూలో జీలానీ బానో 'ఐవానె గజల్' నవాబుల ఇంటి లోపలి పతనాన్ని పట్టుకుంది. సాహిత్యాన్ని ఆధారంగా వాడేటప్పుడు రచన ఏ ఏడు జరిగిందో, ఏ ఏటి కథ చెబుతోందో విడిగా రాసుకోవడం అవసరం. రంగాచార్య నవలల్లో రచనా కాలపు రాజకీయం కూడా వినిపిస్తుంది.

పరీక్షల చరిత్ర, పండుగల చరిత్ర

2014 తర్వాత పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షల్లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణకు ప్రత్యేకమైన పేపరు వచ్చింది. అది 1948 నుంచి మొదలవుతుంది. దాంతో అశోక్‌నగర్, చిక్కడపల్లి కోచింగ్ కేంద్రాల్లో వేలమంది ముల్కీ నిబంధనలు, సిటీ కాలేజీ కాల్పులు కంఠస్థం చేస్తున్నారు. ఏ చరిత్ర శాఖా ఇంతమందికి ఈ కాలం గురించి చెప్పలేదు. కాకపోతే బహుళైచ్ఛిక ప్రశ్నకు నాలుగు జవాబుల్లో ఒకటే ఒప్పు. ఈ యుగంలో అసలు ప్రశ్నలకు అలాంటి జవాబులు దొరకవు.

సెప్టెంబరు 17 సంగతీ అంతే. విమోచనం, విలీనం, విద్రోహం, సమైక్యత అంటూ పార్టీకో పేరు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమంది, 2024లో కేంద్రం హైదరాబాదు విముక్తి దినమని ప్రకటించింది, అదే ఏడు కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. అదే 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. బ్రిటిష్ రెసిడెంటు కోసం కట్టిన భవనం ఉన్న ఆవరణకు పాలకుర్తి ఐలమ్మ పేరు రావడం మెచ్చదగినదే. ఆమె చేసిన పోరాటాన్ని ఆమె మాటల్లోనే చదివించే పాఠం ఆ ఆవరణలో ఉండాలి.

ఈ కాలం మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థి అంశం ఎంచుకునే ముందు ఒక ఏడాది ఉర్దూ నేర్చుకోవాలి, వీలైతే మరాఠీ కూడా. ఉస్మానియా, కాకతీయ, హైదరాబాదు విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఎం.ఏ. మొదటి సంవత్సరంలోనే దస్త్రాల ఉర్దూను ఒక పేపరుగా పెట్టాలి. దాన్ని చెప్పగలిగిన వృద్ధులు పాతబస్తీలో ఇంకా ఉన్నారు. వాళ్లను పిలవడం ఆలస్యమైతే ఆ పేపరు చెప్పడానికి ఎవరూ మిగలరు.